క్రిస్మస్ దగ్గరకొస్తుంటే భయమేస్తోంది, శ్రీకాకుళం వైపు విశ్వాసులు ఎవరైనా ఉంటే చెప్పండి

కొబ్బరిమట్ట

అందరికీ వందనాలు. పేరు వద్దులెండి. ఉండేది శ్రీకాకుళం టౌన్లో, అత్తారిది కవిటి వైపు. మా ఆయన ఈ ఫిబ్రవరిలో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. కిడ్నీలు. ఉద్దానం వాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు కదా. సోంపేట డయాలసిస్‌కి తిరిగి తిరిగి ఆఖరికి మనిషిలో ఏం మిగల్లేదు. బాబు నాలుగో క్లాసు, నేను ప్రైవేట్ స్కూల్లో టీచర్ని.

అప్పుడు బానే తట్టుకున్నాననే అనుకున్నాను. భూస్థాపన రోజు కూడా ఎక్కువ ఏడవలేదు, అందరూ ఎంత ధైర్యమో అన్నారు. స్కూలు, బాబు, అప్పులు వీటితో రోజులు అలా వెళ్లిపోయాయి. డిసెంబర్ వచ్చాకే మొదలైంది ఇదంతా. వీధిలో ఒక్కో ఇంటికి స్టార్ లేస్తుంటే గుండెల్లో ఏదో నొక్కేసినట్టుంటోంది. మా ఆయన నవంబర్ ఆఖర్లోనే కట్టేసేవారు. మా స్టార్ వైరు ఓసారి ఎలక కొరికేస్తే నల్ల టేపు చుట్టి, దాని మీద వైట్‌నర్‌తో "ముట్టుకోకు" అని రాశారు బాబు కోసం. మొన్న అటక మీంచి తీశాను, ఆ అక్షరాలు కనబడ్డాయి, మళ్లీ అక్కడే పెట్టేశాను. బాబు అడగడం మానేశాడు. అడిగినా బావుణ్ణు.

మొన్న శనివారం రాత్రి మా సంఘం యూత్ క్యారల్స్‌కి వచ్చారు. డ్రమ్ము చప్పుడు వీధి చివర వినబడగానే లైట్లు ఆర్పేసి బాబుని పక్కలో పెట్టుకుని పడుకున్నాను. గేటు దగ్గర కాసేపు పిలిచారు, వెళ్లిపోయారు. మర్నాడు గుడిలో ఒకావిడ "నిన్న ఊర్లో లేవేటి" అని అడిగితే లేనండి అని అబద్ధం చెప్పాను. ఇప్పుడు పండగకి ముందు పెట్టే సెమీ క్రిస్మస్ కూడికలో సాక్ష్యం చెప్పమంటున్నారు, దేవుడు ఈ ఏడాది నిన్ను ఎలా ఓదార్చాడో చెప్పు, మిగతా వాళ్లకి బలం అంటున్నారు. ఏం చెప్పాలి? ఓదార్చలేదని చెప్పనా? దేవుడి మీద కోపం కూడా లేదు నాకు, ఏమీ లేదు, బైబిలు తెరిస్తే అక్షరాలు కనబడతాయి అంతే. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది, అన్నం సహించట్లేదు. ఒక్కోసారి పడుకుంటే తెల్లారకపోతే బావుణ్ణు అనిపిస్తోంది, వెంటనే బాబు గుర్తొస్తాడు, భయమేస్తుంది.

డాక్టరుకి చూపించుకుందామా అంటే తెలిసిన సిస్టర్ ఒకరు, యేసయ్య ఉండగా పిచ్చి డాక్టరు దగ్గరికేంటి, విశ్వాసం తక్కువైతేనే అలా వెళ్తారు అన్నారు. క్రిస్మస్ అంటే సంతోషం కదా, ఆ సంతోషం నాలో లేదంటే నాకు విశ్వాసం లేనట్టేనా? తెలిసిన వాళ్లు చెప్పండి. పెద్దగా రాసినందుకు ఏమనుకోకండి.

జయగీతం

ప్రైజ్ ది లార్డ్ సిస్టర్. ఈ దిగులు దేవుని నుండి వచ్చేది కాదు, అపవాది మీ సాక్ష్యాన్ని పాడుచేయాలని చూస్తున్నాడు. మూడు రోజులు ఉపవాసం ఉండి ప్రార్థించండి. "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి, మరల చెప్పుదును ఆనందించుడి" ఫిలిప్పీ 4:4. సంతోషించడం ఆజ్ఞ సిస్టర్, ఫీలింగ్ కాదు. సాక్ష్యం తప్పకుండా చెప్పండి, చెప్తుంటేనే విడుదల వస్తుంది. మీ కోసం ప్రార్థిస్తాను.

నాగావళి గట్టు

పై బ్రదరో సిస్టరో తెలీదు, మీ మనసు మంచిదే గానీ ఆవిడ అన్నం సహించట్లేదు అని రాస్తే మీరు ఉపవాసం ఉండమంటున్నారు. ఒకసారి మళ్లీ చదవండి ఆవిడ రాసింది.

ఇంకోటి, ఆ ఫిలిప్పీ పత్రికే కొంచెం పైకి వెళ్లి 2:27 చూడండి. పౌలు తోటి పనివాడు ఎపఫ్రొదితు జబ్బుపడి చావు దాకా వెళ్లాడు, దేవుడు కనికరించి బతికించాడు, ఎందుకంటే "నాకు దుఃఖముమీద దుఃఖము కలుగకుండుటకై" అంటాడు పౌలు. అంటే ఆనందించుడి అని రాసిన చెయ్యే, ఇంకో దుఃఖం వస్తే నేను తట్టుకోలేకపోయేవాణ్ణి అని కూడా రాసింది. రాసింది జైల్లో కూర్చుని. నాలుగో అధ్యాయం ఒక్కటే వాల్ పోస్టర్ చేసేసి గోడకి అంటించేస్తే ఎలాగండి.

సిస్టర్, మీరు ఏలీయా ప్రవక్త సంగతి చదవండి, 1 రాజులు 19. కర్మెలు కొండ మీద అంత పెద్ద విజయం అయ్యాక ఆ మనిషి అరణ్యంలోకి పోయి బదరీవృక్షం కింద కూలబడి "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అన్నాడు. ఇప్పుడు మన సంఘాల్లో ఎవరైనా అలా అంటే ఏం జరుగుతాదో మీకూ తెలుసు నాకూ తెలుసు, ముందు ఒక ప్రసంగం. దేవుడు ప్రసంగం చెయ్యలేదు. దూతని పంపి తట్టి లేపించి తినమన్నాడు, నిప్పుల మీద కాల్చిన రొట్టె, ఒక కూజాడు నీళ్లు. తిని మళ్లీ పడుకున్నాడు, పడుకోనిచ్చాడు. రెండోసారి మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు, "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది" అని. నువ్వెందుకు ఇక్కడున్నావు ఏలీయా అని అడగడం ఆ తర్వాతెప్పుడో, హోరేబు దాకా నడిచాక. ముందు కూడు, నిద్ర.

కాబట్టి తినండి. గంజైనా పర్లేదు. పక్కింట్లో ఎవరితోనైనా కలిసి కూర్చుని తినగలిగితే ఇంకా మంచిది.

కోట జంక్షన్

అక్కా, నేను విజయనగరంలో స్టాఫ్ నర్సుని, కొన్నేళ్లు మానసిక విభాగంలో చేశాను. విశ్వాసిని కూడా. ముందు ఒక్క మాట సూటిగా అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. తెల్లారకపోతే బావుణ్ణు అన్నారు కదా, అది అలిసిపోయి అనిపించడమా, లేక చనిపోవాలి, ఇలా చెయ్యాలి అని ఆలోచన దాకా వెళ్తోందా? అడిగితే లేనిపోని ఆలోచన వస్తాదని చాలామంది భయపడి అడగరు, అది నిజం కాదు, అడిగితే మనిషికి తేలికవుతుంది. రెండోదైతే రేపటి దాకా ఆగొద్దు, ఈ రాత్రే ఎవరినైనా ఇంటికి పిలిపించుకోండి, 14416కి కాల్ చెయ్యండి. అది టెలీ మానస్, ప్రభుత్వానిది, 2022 అక్టోబర్లో పెట్టారు, రాత్రీ పగలూ ఉంటాది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. మొదటిదైనా కాల్ చెయ్యొచ్చు, చావు దాకా వెళ్తేనే చెయ్యాలని రూలేం లేదు.

ఇక మీరు రాసినవి. తెల్లవారుజామున మెలకువ, ఆకలి లేకపోవడం, ఏమీ అనిపించకపోవడం, ఇష్టమైన దాని మీద కూడా ఇష్టం పోవడం. ఇవి రెండు వారాలు దాటి రోజూ ఉంటే డాక్టరుకి చూపించుకోవాల్సిందే అని మాకు చెప్తారు. దుఃఖం వేరు, డిప్రెషన్ వేరు, కానీ రెండూ ఒకే ఇంట్లో కాపురం ఉండొచ్చు. దుఃఖం మామూలుగా కెరటంలా వచ్చి కొట్టి వెనక్కి పోతాది, మధ్యలో నవ్వొస్తాది, బాబు ఏదో అంటే ముద్దొస్తాడు. ఆ మధ్యలో ఖాళీ కూడా లేకుండా పోయిందంటే అప్పుడు చూపించుకోవాలి. మీది ఏదో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, చెప్పకూడదు కూడా.

డిసెంబర్లోనే ఎందుకు అంటే, చలి దేశాల్లో పొద్దు తగ్గిపోయి కూడా వస్తాది కొంతమందికి, మనకి అది కాదు, డిసెంబర్లో కూడా పదకొండు గంటలు పగలుంటాది ఇక్కడ. మన దగ్గర ఇది జ్ఞాపకాల వల్ల, ఒంటరితనం వల్ల, డబ్బుల వల్ల. పోయినోళ్లతో చేసుకున్న పండగ మొదటిసారి వాళ్లు లేకుండా వచ్చినప్పుడు మనసు ఆ తేదీని ఒంటితో సహా గుర్తుపెట్టుకుంటాది. మా ఓపీలో జనవరి నెలలో, అదీ సంక్రాంతి వెళ్లాక, కొత్త కేసులు చూసేదాన్ని, అందరూ ఊళ్లకి వచ్చి వెళ్లిపోయాక మిగిలిపోయిన పెద్దవాళ్లు. ఇది నేను చూసింది చెప్తున్నాను, లెక్కలు కాదు.

శ్రీకాకుళంలోనే రిమ్స్‌లో సైకియాట్రీ ఓపీ ఉంది, వైజాగ్ పరిగెత్తక్కర్లేదు. బాగా అవసరమైతే పెదవాల్తేరు, చినవాల్తేరు వైపు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఎలాగూ ఉంది. డాక్టరుకి థైరాయిడ్, రక్తం టెస్టులు కూడా చెయ్యమని చెప్పండి, థైరాయిడ్ తేడా ఉన్నా ఇలాగే ఉంటాది. మందు రాస్తే పనిచెయ్యడానికి వారాలు పడతాది, రెండో మూడో నాలుగో, కాబట్టి క్రిస్మస్ నాటికి మామూలైపోవాలి అని పెట్టుకోవద్దు, అవ్వలేదని మానేయొద్దు. మీ అంతట మీరు సడన్‌గా ఆపొద్దు. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చుకోవద్దు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను.

పిచ్చి డాక్టరు అన్న ఆ సిస్టర్‌కి నా వందనాలు చెప్పండి. బీపీ మాత్ర వేసుకుంటారా అని కూడా అడగండి. లూకా వైద్యుడు, కొలస్సీ 4:14లో "ప్రియుడైన వైద్యుడు" అంటాడు పౌలు, పక్కనే పెట్టుకు తిరిగాడు.

పెదపండగ

అప్పా నేను మీ వాళ్లం కాదు, హిందువులం, ఆమదాలవలస దగ్గర. ఈ ప్రశ్న చూసి రాయకుండా ఉండలేకపోనాను. మా నాన్న కరోనా టైంలో పోయాడు. మాకు సంక్రాంతి పెద్ద పండగ కదా, ఆ రోజు పొద్దున్నే పెద్దలకి పెట్టుకుంటాం, అంటే పోయినోళ్ల పేరున కొత్త బట్టలు, పప్పు, అన్నం, వాళ్లకి ఇష్టమైనవి అన్నీ వండి ముందు పెట్టి దండం పెడతాం, అప్పుడు మా అమ్మ ఎంత ఏడుస్తాదో చెప్పలేను, ఎవరూ ఆపరు. ఏడ్చాకే మేం తింటాం. అంటే ఏడుపు కూడా పండగలో ఒక పని లాగ ఉంటాది మాకు, అరిసెలు వండినట్టే. మీకు క్రిస్మస్‌లో అలాంటిదేటీ లేదా? అందరూ తెల్లబట్టలు కట్టుకుని కేకు కోసేసి నవ్వుతూ ఉండాలా? తప్పుగా అడిగితే ఏమనుకోకండి, నాకు నిజంగా తెలీదు.

ఆ స్టార్ మీద అక్షరాలు చదివి నా కళ్లల్లో నీళ్లొచ్చాయి అప్పా.

బొబ్బిలి మాస్టారు

అమ్మా, రిటైరయిన మాస్టారిని, బొబ్బిలి. మా తాతగారి కాలం నుంచీ కెనడా బాప్టిస్టు మిషను సంఘమే మాది. నా భార్య వెళ్లిపోయి కొన్నేళ్లయింది. నీ ప్రశ్నా చదివాను, కింద ఆ హిందూ అమ్మాయి అడిగిందీ చదివాను. ఆ అమ్మాయి అడిగింది చాలా మంచి ప్రశ్న. ఉంది తల్లీ, మాకూ ఉంది, మేమే చదవడం మానేశాం.

మత్తయి రెండో అధ్యాయం తియ్యండి. క్రిస్మస్ డ్రామాలో జ్ఞానులు వస్తారు, బంగారం సాంబ్రాణి బోళం ఇస్తారు, చప్పట్లు, తెర దించేస్తాం. బైబిల్లో అక్కడ తెర దించలేదు. వెంటనే హేరోదు బేత్లెహేములో పసిపిల్లల్ని చంపిస్తాడు. అప్పుడు మత్తయి యిర్మీయా మాట తీసుకొచ్చి పెడతాడు, రామాలో అంగలార్పు వినబడెను, "రాహేలు తన పిల్లలవిషయమై యేడ్చుచు వారు లేనందున ఓదార్పు పొందనొల్లక యుండెను". చూశావా అమ్మా, ఓదార్పు పొందనొల్లక. ఓదారలేదు ఆవిడ. ఆవిణ్ణి తిట్టలేదు, నీకు విశ్వాసం తక్కువ అనలేదు, సాక్ష్యం చెప్పమనలేదు. ఏడుస్తున్న ఆవిణ్ణి అలాగే క్రిస్మస్ కథలో కూర్చోబెట్టాడు మత్తయి. అంతకుముందే మరియ యోసేపు బిడ్డని ఎత్తుకుని రాత్రివేళ ఐగుప్తుకి పారిపోయారు. కతోలిక సంఘంలో, ఆంగ్లికన్ పద్ధతి ఉన్న సంఘాల్లో ఆ పసిపిల్లల జ్ఞాపకంగా డిసెంబర్ 28న ఒక రోజే పెట్టుకున్నారు, పండగ అయిన మూడో రోజు. మా బాప్టిస్టులకి అలాంటివి పట్టవు, అది మా లోటే.

అడ్వెంట్ అనేది కూడా అంతే. క్రిస్మస్ ముందు నాలుగు ఆదివారాలు. అసలు అది ఎదురుచూసే కాలం, ఇంకా రాలేదు, ఎప్పుడొస్తాడో అని చీకట్లో కూర్చునే కాలం, పాతరోజుల్లో ఉపవాసాలు ఉండేవారు. మనం ఇప్పుడు డిసెంబర్ ఒకటో తారీకు నుంచే సెమీ క్రిస్మస్ అని బిర్యానీలు మొదలెట్టేశాం, ఎదురుచూపు లేదు, వచ్చేశాడు వచ్చేశాడు అని మైకులు. నాకు సెమీ క్రిస్మస్ మీద కోపం లేదు, బిర్యానీ మీద అసలే లేదు, కానీ నీలాంటి వాళ్లకి కూర్చోవడానికి ఆ నెలలో ఒక్క బల్ల కూడా లేకుండా చేశాం. పడమటి దేశాల్లో కొన్ని సంఘాల్లో డిసెంబర్ 21 ప్రాంతంలో, ఏడాదిలో అన్నిటికన్నా పొడుగు రాత్రి అప్పుడు, ఆప్తుల్ని పోగొట్టుకున్న వాళ్ల కోసమే ఆరాధన పెడతారు. డ్రమ్ములుండవు, కొవ్వొత్తులు, ఒక కీర్తన, పేర్లు చదువుతారు. మా అయ్యగారితో, అంటే పాస్టరుగారితో, అన్నాను మనమూ పెడదామని, చూద్దాం మాస్టారూ అన్నారు, చూద్దాం అంటే ఏమిటో నీకు తెలుసుగా.

బైబిలు తెరిస్తే అక్షరాలే కనబడుతున్నాయన్నావు. 88వ కీర్తన చదువు, చిన్నదే. మిగతా ఏడుపు కీర్తనలన్నీ దాదాపు ఏదో ఒక చోట మలుపు తిరుగుతాయి, అయినను నేను నిన్ను స్తుతించెదను అని. ఇది తిరగదు. ఆఖరి మాట "చీకటియే నాకు బంధువర్గమాయెను". అయిపోయింది, అంతే, ఆమేన్ కూడా లేదు. కానీ మొదటి మాట ఏంటంటే "యెహోవా, నాకు రక్షణకర్తవగు దేవా". ఆ మనిషికి ఏ జవాబూ రాలేదు గానీ ఎవరికి చెప్పుకుంటున్నాడో మాత్రం మరిచిపోలేదు. నా భార్య పోయిన ఏడు నేను చేసిన ప్రార్థన అదొక్కటే, అదీ సొంత మాటలు రాక చూసి చదవడమే. చూసి చదివితే ప్రార్థన కాదని ఎవరన్నా అంటే నా దగ్గరికి పంపు.

స్పర్జను పేరు వినే ఉంటావు, అంత గొప్ప బోధకుడు. 1856లో లండన్లో ఆయన కూడిక జరుగుతుంటే ఎవరో నిప్పు నిప్పు అని అరిచారు, తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. ఆయనకి అప్పుడు 22 ఏళ్లు. అది ఆయన్ని జీవితాంతం వదల్లేదు, డిప్రెషన్‌తో మంచం పట్టిన రోజులు ఎన్నో, దాచుకోలేదు కూడా, ప్రసంగ వేదిక మీద నుంచే చెప్పేవాడు. విశ్వాసం లేకనా?

సాక్ష్యం చెప్పొద్దు. అయ్యగారితో ఒక్క మాట, "ఈ ఏడు చెప్పలేనండి, ప్రార్థన చెయ్యండి". కారణాలు చెప్పక్కర్లేదు. వేదిక ఎక్కి రాని ఓదార్పుని వచ్చిందని చెప్పడం కంటే ఇది మేలు.

జయగీతం

మాస్టారూ, మీరు చెప్పింది చదివాను. 88 నేనెప్పుడూ పూర్తిగా చదవలేదు, ఇప్పుడే చదివాను. అయినా నిరీక్షణ లేకుండా ఆపేస్తే ఎలాగండి, మనం నిరీక్షణ లేని ఇతరుల వలె దుఃఖపడకూడదు అని థెస్సలొనీకయ పత్రికలో ఉంది కదా. సిస్టర్, ఉపవాసం మాట మాత్రం వదిలేయండి, తినండి.

బొబ్బిలి మాస్టారు

ఉంది నాయనా, నిరీక్షణ లేని వాళ్లలాగ దుఃఖపడవద్దన్నాడు. దుఃఖపడనే వద్దనలేదు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు, ఇంకో పది నిమిషాల్లో లేచి నడిచే మనిషి కోసం. అది చాలు నాకు. ఆ పునరుత్థానం నేను నమ్ముతాను, నా భార్యని చూస్తానని నమ్ముతాను, అలా నమ్ముతూనే ఆవిడ కళ్లజోడు డబ్బా ఇంకా తియ్యలేదు అలమరలోంచి.

వేరావల్ బోటు

మాది ఇచ్చాపురం అవతల సముద్రపొడ్డు ఊరు, గుజరాత్ లో బోటు మీద పని చేస్తన్నాను, పండక్కి రాము మేము, బోటు ఓనరు పంపడు. మాటలు బాగా రాయడం రాదు. మా బోటులో నలుగురం విశ్వాసులం, క్రిస్మస్ రాత్రి సిగ్నల్ ఉంటే ఫోన్లో ఊరి గుడి పాటలు పెట్టుకుంటాం లేపోతే మేమే పాడుకుంటాం. మొదటి ఏడు నాకు ఇంటి మీద బెంగతో ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు, మా సరంగు పెద్దాయన ఒకడు క్రిస్టియన్ కాదు, నా పళ్లెంలో చేప ముక్క వేసి తినరా అన్నాడు, ఇంకేటీ అనలేదు. పైన ఏలీయాకి రొట్టె ఇచ్చిన సంగతి చదివితే అది గుర్తుకొచ్చింది. అప్పా మీ అబ్బాయికి ఎవరైనా మగోళ్లు, మావయ్య గాని బాబాయి గాని ఉంటే పండగ నాడు కాసేపు బయటకి తిప్పమనండి. ఆడికీ నాన్న లేడు కదా. మీకు కనబడకుండా ఆడు ఏడుస్తాడు అప్పా.

కోట జంక్షన్

బోటు తమ్ముడు చెప్పింది నిజం. పిల్లలు అడగడం మానేశారంటే బాధ లేదని కాదు, అడిగితే అమ్మ ఏడుస్తాదని నేర్చుకున్నారని. మీరే ఎత్తండి అక్కా మాట. "నాన్న ఉంటే ఈపాటికి స్టార్ కట్టేసేవారు కదా" అని మీరు అనండి, వాడు ఏం అంటాడో చూడండి. ఇద్దరూ ఏడ్చినా నష్టం లేదు. స్టార్ కట్టాలా వద్దా వాడినే అడగండి, పాతదే కట్టాలా కొత్తది కొనాలా అది కూడా వాడికే వదిలేయండి.

నేను అడిగినదానికి జవాబు రాలేదు ఇంకా. రాయండి, లేదా ప్రైవేట్ మెసేజ్ పెట్టండి.

కొబ్బరిమట్ట

సారీ అక్కా, స్కూల్లో క్రిస్మస్ ప్రోగ్రాం రిహార్సల్స్, ఇప్పుడే వచ్చాను. నా క్లాసు పిల్లలు దేవదూతలు, అట్టముక్క రెక్కలు అంటించడం నా పనే. మీరడిగింది అలిసిపోయి అనిపించడమే, చనిపోవాలని ప్లాన్ లాంటివేం లేవు, నిజంగా చెప్తున్నాను. నిన్న రాత్రి మూడింటికి లేచినప్పుడు 14416కి చేశాను. ఒకమ్మాయి తెలుగులోనే మాట్లాడింది, చాలాసేపు నేను ఏడవడమే, ఆ అమ్మాయి పెట్టెయ్యలేదు. ఎవరూ లేకపోతే ఎలా అనుకున్నాను, ఉన్నారు.

మాస్టారూ, 88 చదివాను. ఆఖరి మాట దగ్గర బైబిలు మూసేసి కూర్చుండిపోయాను. ఎవరో నా గురించి రాసినట్టుంది. సంతోషం అయితే రాలేదు గానీ గుడిలో కూర్చుంటే నేనొక్కదాన్నే దొంగలాగ ఉన్నాననే ఫీలింగ్ కొంచెం తగ్గింది. అయ్యగారికి ఫోన్ చేసి ఈ ఏడు చెప్పలేనండి అన్నాను. సరేనమ్మా అన్నారు అంతే, నేనే వారం రోజులుగా ఊరికే భయపడ్డాను. పాస్టరమ్మగారు మాత్రం సాయంత్రం చారు, అన్నం క్యారేజీలో పెట్టి తీసుకొచ్చి, తినేదాకా కూర్చుని వెళ్లారు. ఏం మాట్లాడలేదు ఆవిడ కూడా.

ఆమదాలవలస చెల్లీ, నువ్వు అడిగింది మా అత్తమ్మకి ఫోన్లో చెప్పాను. ఆవిడ, మనకీ ఉండేది, మా మావగారి రోజుల్లో క్రిస్మస్ ముందు రోజు సమాధులకి సున్నం వేసి కొవ్వొత్తులు పెట్టి వచ్చేవాళ్లం, ఇప్పుడెవరికి తీరిక అన్నారు. కతోలికుల్లో అయితే నవంబర్ 2న సమాధుల పండగ ఉండనే ఉంది. అందుకని 24న స్కూలు అవ్వగానే బాబుని తీసుకుని కవిటి వెళ్దామనుకుంటున్నాం. అక్కడే సున్నం వేసి, పూలు పెట్టి, రాత్రి ఆరాధన అక్కడి చిన్న గుడిలోనే. ఇక్కడి పెద్ద ప్రోగ్రాంకి ఈ ఏడు ఉండను. తిత్లీ తుఫాను అప్పుడు, 2018లో, మా కొబ్బరి తోట మొత్తం పడిపోతే ఆ ఏడు క్రిస్మస్ ఆ గుడిలోనే చేశాం, రేకులు ఎగిరిపోయి పైన టార్పాలిన్, మా ఆయనే కట్టారు అది. వర్షం రాలేదు, అదొక్కటే అదృష్టం. అక్కడైతే ఆయన పేరు చెప్పుకోడానికి ఎవరూ మొహమాటపడరు.

ఇక డాక్టరు. మా చెల్లి సోమవారం సెలవు పెట్టుకుని వస్తానంది రిమ్స్‌కి. ఓపీకి ఏం పట్టుకెళ్లాలి అక్కా? ఎవరైనా తెలిసినవాళ్లు కనబడితే ఏం చెప్పాలో అని ఒకటే గుబులు.

కోట జంక్షన్

ఆధార్ పట్టుకెళ్లండి, ఫోన్ ఉండాలి చేతిలో, పొద్దున్నే వెళ్లండి, చీటీ దగ్గర లైను ఉంటాది. పాత రిపోర్టులు, ఇప్పుడు వాడే మాత్రలు ఏమున్నా అట్టలతో సహా సంచీలో వేసుకోండి. ఎన్ని రోజుల నుంచి నిద్ర లేదు, ఆకలి ఎలా ఉంది, తెల్లారకపోతే బావుణ్ణు అన్న మాట కూడా, ఒక కాగితం మీద రాసుకోండి, లోపలికెళ్లాక సగం మర్చిపోతాం. కంగారులో అంతా బానే ఉందండి అని చెప్పేసి వచ్చేసేవాళ్లని ఎంతమందిని చూశానో. చెల్లిని కూడా లోపలికి తీసుకెళ్లండి.

తెలిసినవాళ్లు కనబడితే నిద్ర పట్టట్లేదు, చూపించుకోడానికి వచ్చాను అనండి. అది నిజమే కదా.

పెదపండగ

అప్పా రిమ్స్ అయ్యాక మా ఊరు ఎంతో దూరం కాదు, చెల్లీ మీరూ భోజనానికి రండి. ప్రైవేట్ మెసేజ్‌లో నంబర్ పెట్టాను. బాబుకి పోకుండలు ఇష్టమేనా?